పిల్ల ఆగిన చోట మీరూ ఆగండి

మూడేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని వీధి చివరి కిరాణా దుకాణానికి పోయిరండి. మీరొక్కరే పోతే అయిదు నిమిషాల పని. పిల్ల వెంట ఉంటే అరగంట. గోడ పగులులోంచి బారులు తీరి వస్తున్న చీమల దగ్గర ఒకసారి చతికిలబడుతుంది. రాలిన వేపపండును చిదిమి చూస్తుంది. మోరీ పక్క గడ్డిపోచ మీద వాలిన తూనీగ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. మనం చెయ్యి పట్టి లాగుతాం. "నడువు బిడ్డా, ఆలస్యమైతున్నది" అంటాం.

పిల్లలను ప్రకృతికి దగ్గర చేయడం ఎట్లా అని అడిగే తల్లిదండ్రులకు నేను ముందుగా ఆ లాగే చెయ్యి సంగతే చెప్తాను. పిల్లలు దగ్గరగానే ఉన్నారు. నిలబడి నడిచే మనకు కనబడనివన్నీ వాళ్ళ కంటి ఎత్తులోనే ఉన్నాయి. దూరం జరిగింది మనం. మన తొందరతో వాళ్ళనూ లాక్కుపోతున్నాం.

చాలామంది ఈ పనికి సెలవులు కావాలి, డబ్బులు కావాలి, కారు కావాలి అనుకుంటారు. నాగార్జునసాగర్ చూపించాలి, నల్లమల చూపించాలి, జూ పార్కుకు తీసుకుపోవాలి అంటారు. పోగలిగితే పోండి, మంచిదే. కానీ ఆరేళ్ళలోపు పిల్లకు నాలుగు గంటలు బస్సులో కూర్చుని చూసిన అడవి కన్నా రోజూ చూసే పెరటి గోడే ఎక్కువ నేర్పుతుంది. ఒకసారి చూసింది వింతగా మిగిలిపోతుంది. రోజూ చూసిందాంతో చుట్టరికం కలుస్తుంది. అందుకు పెద్దవాళ్ళు చేయాల్సింది ఒక్కటే, పిల్ల ఆగిన చోట తామూ ఆగడం. చెప్పడానికి తేలిక. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

భూదాన్ పోచంపల్లి ఇళ్ళను మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఇక్కడి చిటికి చీరలను లోకం ఇక్కత్ అని పిలుస్తుంది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. నేతపని చేసే కుటుంబానికి ఇల్లే కార్ఖానా. ముందు గదిలో గుంట మగ్గం, గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయిన. రాట్నం ముందు కండెలు చుట్టే అవ్వ. ఆసు దగ్గర అమ్మ. వీళ్ళ మధ్య పాకే పిల్ల, పరుగెత్తే పిల్ల, ప్రశ్నలడిగే పిల్ల. నగరంలో పిల్లలకు అమ్మానాన్నలు పొద్దుగూకినాకే కనబడతారు. ఇక్కడ రోజంతా కళ్ళముందే ఉంటారు. అది చిన్న అదృష్టం కాదు. కానీ ఆ పెద్దల కళ్ళు పోగుల మీద ఉంటాయి. కూలి గంటకు ఇంతని రాదు, చీరకు ఇంతని వస్తుంది. ఆగిన ప్రతి నిమిషమూ చీర వెనకబడుతుంది. పిల్లలతో రోజూ రెండు గంటలు ప్రత్యేకంగా గడపండి అని రాసే పుస్తకాలు ఈ ఇంటికి పనికిరావు.

అయితే మగ్గం తనంతట తానే ఆగే సందర్భాలున్నాయి. నాడెలో కండె అయిపోతుంది. పోగు తెగుతుంది. పేక జరిగి పువ్వు అంచు చెదిరితే దాన్ని సర్దాలి, సర్దాక కళ్ళు కాసేపు దూరం చూడమంటాయి. ఒక్కొక్కటీ రెండు నిమిషాలు కూడా ఉండదు. పిల్లకు ఆ రెండు నిమిషాలు చాలు. రోజులో అలాంటి విరామాలు రెండు పిల్లవని ముందే అనుకోండి. కండె మార్చేటప్పుడు "ఏం చూసినవ్ బిడ్డా?" అని అడగండి. చూపించిన చోటికి లేచి వెళ్ళండి, గొంతుక్కూర్చుని చూడండి. లేచి వెళ్ళడమే ముఖ్యం. కూర్చున్న చోటు నుంచే "ఆ, మంచిగుంది" అంటే ఆ మాటలో మనసు లేదని రెండేళ్ళ పిల్లకు కూడా తెలిసిపోతుంది.

అమ్మలకు ఆ రెండు నిమిషాలు కూడా దొరకని కాలం ఎంతో వెనక లేదు. చిటికి కట్టేముందు పేక నూలును ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ చెయ్యి అటూ ఇటూ ఒక చీరకు 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటలు, భుజం గుంజుకుపోయే పని. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. ఆ యంత్రం మీద గంటన్నరలో ఒక చీర ఆసు అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వల్ల రోజుకు ఎన్ని చీరల పని ఎక్కువైందో అందరూ చెప్తారు. నేను ఇంకో లెక్క వేస్తాను. చీర చీరకూ ఒక తల్లికి మూడు గంటలు మిగిలాయి. వాటిలో చాలా భాగం ఇంకో పని మింగేస్తుంది, నిజమే. కానీ భుజం సలపని తల్లి పిల్ల పక్కన నేల మీద కూర్చోగలదు. తల్లి ఒంటి నొప్పులు పట్టించుకోకుండా పిల్లల పెంపకం మీద ఇచ్చే సలహాకు విలువ లేదు. మీ ఇంట్లో ఆసు ఇంకా చేత్తోనే పోస్తుంటే, ఈ అధ్యాయం పక్కనబెట్టి ముందు యంత్రం సంగతి చూడండి.

సరే, ఆగారు. ఆ తర్వాత? ముందు ఏమీ చెప్పకండి. చూడండి. మనలో చాలామందికి పిల్ల వేలు చూపించగానే పేరు చెప్పెయ్యాలన్న ఆత్రం ఉంటుంది. "అది తూనీగ. చెప్పు, తూ-నీ-గ." పిల్ల తూనీగను వదిలేసి మాటను పట్టుకుంటుంది, చూపు అక్కడితో తెగిపోతుంది. పురుగుమందుల ప్రమాదం గురించి 1962లో సైలెంట్ స్ప్రింగ్ రాసిన అమెరికా శాస్త్రవేత్త రేచెల్ కార్సన్, అంతకు ముందే 1956లో ఒక మహిళా పత్రికకు పిల్లల గురించి వ్యాసం రాసింది. అక్క మనవడు రోజర్‌ను వెంటబెట్టుకుని సముద్రపొడ్డున, వానలో, చీకట్లో తిరిగిన సంగతులవి. పిల్లతో పాటు తానూ ఆశ్చర్యపోగల పెద్దమనిషి ఒక్కరు ఉంటే చాలని, పేర్లు తర్వాత వస్తాయని ఆమె నమ్మింది. సముద్ర జీవుల గురించి అంత తెలిసిన మనిషే ఆ మాట అంటే, పెద్దగా చదువుకోలేదని వెనకాడే తల్లులకు అంతకన్నా ధైర్యం ఏం కావాలి?

"అమ్మా, గీ చీమ గింత పెద్ద నూకను ఎట్ల మోస్తున్నదే?"

"ఏమో బిడ్డా, నాకూ సమజైతలేదు. ఏడికి తీస్కపోతదో సూద్దాం పా."

ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు. ఇద్దరూ చీమ వెంట పోతారు. గడప దాటి, తులసికోట చుట్టూ తిరిగి, ఇటుకల సందులోకి. వాకిట్లో ముగ్గు రాతిపిండితో వేస్తున్నట్టయితే వారానికొకసారి బియ్యప్పిండితో వేయండి. ఆ పొద్దంతా పిల్లకు అదే పని. చుక్క చుక్క దగ్గరా చీమలు చేరతాయి, మధ్యాహ్నానికి ముగ్గు గీతలు అక్కడక్కడా తెగిపోతాయి. ఎవరు తిన్నారో పిల్లే కనిపెట్టి చెప్తుంది.

ఇప్పుడు కల్యామాకు చెట్టు దగ్గరికి రండి. కుండీలో ఉన్నా సరే, పెరట్లో ఉన్నా సరే, ప్రకృతి పాఠానికి ఒక్క మొక్కే కొనగలిగితే కరివేపాకు మొక్కే కొనండి. లేత చిగుళ్ళ మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నల్లటి రెక్కల మీద తెల్లటి మచ్చల వరుస ఉన్నది ఒక రకం, పసుపు నలుపు గళ్ళున్నది ఇంకో రకం. నిమ్మ చెట్టుకూ ఇవే వస్తాయి. గుడ్డు ఆవగింజ కన్నా చిన్నది, లేత పసుపు, ఆకుకు ఒక్కటి చొప్పున అతికించి ఉంటుంది. కొద్ది రోజుల్లో అందులోంచి వచ్చే పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, గోధుమరంగు మీద తెల్ల మరక. పిట్టలు దాన్ని రెట్ట అనుకుని వదిలేస్తాయి. పెరిగే కొద్దీ చర్మం విడుస్తుంది. చివరి చర్మానికి వచ్చేసరికి ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ము బయటికి తీస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. పిల్లలు కెవ్వుమని వెనక్కి దూకి, మళ్ళీ ముందుకొస్తారు. భయం లేదు, అది కుట్టదు. ఊరికే ఊరికే విసిగించకూడదని మాత్రం చెప్పండి.

ఇక్కడే ఇంట్లో తగాదా మొదలవుతుంది. "కల్యామాకంతా బొక్కలు పెడ్తున్నది, తీసి పారెయ్‌రా" అంటుంది అవ్వ. అవ్వ మాటలో తప్పు లేదు, పప్పులోకి ఆకు కావాలి. ఒక కొమ్మ పురుగుకు, మిగతావి పోపుకు అని ఒప్పందం చేసుకోండి. ఆ కొమ్మకు గుడ్డపీలిక కట్టే పని పిల్లకివ్వండి. పంచుకోవడం మీద ఎన్ని నీతికథలు చెప్పినా ఆ పీలిక నేర్పినంత నేర్పవు.

కొన్నాళ్ళకు పురుగు తిండి మానేసి తిరగడం మొదలుపెడుతుంది. ఏ పుల్లనో పట్టుకుని తన నడుము చుట్టూ సన్నని పట్టుపోగు కట్టుకుని, దానికి ఆనుకుని గూడుగా మారిపోతుంది. నేతింటి పిల్లకు ఈ పోగు చూపించకపోతే ఎట్లా? కళ్ళు దగ్గరపెట్టి చూస్తే కనబడుతుంది. ఎండాకాలమైనా వానాకాలమైనా వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒక పొద్దున లేచేసరికి గూడు చిట్లి, పక్కన ముడతలుపడ్డ తడి రెక్కలతో సీతాకోకచిలుక వేలాడుతుంటుంది. రెక్కలు విచ్చుకుని ఆరేదాకా ఎగరలేదు. ఆ రోజు మగ్గం కాస్త ఆలస్యంగా మొదలైనా పరవాలేదు.

ప్రతిసారీ రెక్కలు రావు. కొన్ని గూళ్ళు నల్లబడిపోతాయి. కొన్నింటికి చిన్న రంధ్రం పడి లోపలి నుంచి సన్నని కందిరీగలు బయటికి వస్తాయి. అవి గూడులో ఉన్నదాన్ని తిని పెరిగినవి. పిల్ల ఏడుస్తుంది. "నిద్రపోతున్నది" అనకండి. "సచ్చిపోయింది బిడ్డా, కందిరీగ పిల్లలు తిన్నయ్" అనే చెప్పండి. పక్కన కూర్చోండి. చావు గురించి పిల్లతో మాట్లాడే మొదటి సందర్భం ఇంట్లో మనిషి పోయిన రోజు అయితే పెద్దవాళ్ళకే నోట మాట రాదు. అంతకు ముందే కల్యామాకు చెట్టు దగ్గర ఆ మాట ఒకటికి రెండుసార్లు జరిగి ఉంటే మంచిది.

ఇంకో కష్టమైన ప్రశ్న కూడా వస్తుంది, పోచంపల్లిలో తప్పకుండా వస్తుంది. ఇంట్లో ఉన్న పట్టు చిలప కూడా పురుగు పోగేనని ఏదో ఒకరోజు చెప్తారు కదా. మల్బరీ ఆకు తిన్న పురుగు తన చుట్టూ ఒకటే పోగును తిప్పి తిప్పి గూడు కట్టుకుంటుంది, ఆ ఒక్క పోగు విప్పితే కిలోమీటరు దాకా వస్తుంది అంటే పిల్ల నోరు తెరుస్తుంది. ఆ వెంటనే అడుగుతుంది, "మరి లోపలి పురుగు?" వేడినీళ్ళలో వేస్తారు, పురుగు చనిపోతుంది. ఇది మన అన్నం పెట్టే పని. దాన్ని దాచి చెప్పడం పిల్లకూ అవమానం, పనికీ అవమానం. నిజం చెప్పి, అందుకే పట్టు పోగును పారెయ్యం, తెగినా అతుకుతాం అని కూడా చెప్పండి. వృత్తి మీద గౌరవం ఇట్లాంటి జవాబులతోనే పుడుతుంది.

చెట్టు ఇంట్లో లేదు, కుండీకి చోటు లేదు అనేవాళ్ళుంటారు. పిచ్చుకలకు గూడుపెట్టె, వసారాలో వేలాడదీసిన వరి కంకుల కుచ్చు, ఎండాకాలం నీడలో పెట్టిన నీళ్ళ మూకుడు చాలు. మూకుడు లోతుగా ఉండొద్దు. అందులో ఒక రాయి వేస్తే తేనెటీగలు వాలి తాగుతాయి. నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఆ పారబోసే పని నాలుగేళ్ళ పిల్లది.

వానలు పడ్డాక ఊరి బయట తాటిచెట్ల మీద, బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మల మీద గిజిగాడు గూళ్ళు కడుతుంది. పోచంపల్లి పిల్లలకు ఈ పిట్టను పరిచయం చేయకుండా ఉండకండి. మగపిట్ట వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, నిలువునా సన్నగా చీల్చి, పీలిక తెచ్చి, కొమ్మకు ముడివేస్తుంది. ముందు ఒక వలయం, దాని మీద టోపీలాంటి గది. అంతవరకు కట్టి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి చూసుకుని, నచ్చితేనే ఉంటుంది. నచ్చనిది అట్లాగే సగంలో వేలాడుతూ మిగిలిపోతుంది. ఒక తాటిచెట్టు కింద నిలబడితే పూర్తయిన గూళ్ళూ, వదిలేసినవీ విడివిడిగా లెక్కపెట్టవచ్చు. లెక్కలు రాని పిల్లలకు అంతకన్నా మంచి ఎక్కాల బడి లేదు.

ఈ పిట్ట గుట్టు బయటపెట్టిన మనిషి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. 1930లో, ఉద్యోగం లేని రోజుల్లో, బొంబాయి దగ్గర కిహిం అనే తీరగ్రామంలో ఉంటూ ఇంటి దగ్గర్లోని గిజిగాళ్ళ గూళ్ళను నెలల తరబడి గమనించాడు. మగపిట్ట ఒక గూట్లో ఆడపిట్ట కుదురుకోగానే ఇంకో గూడు మొదలుపెడుతుందని, పిల్లల్ని సాకేది ఆడపిట్టేనని ఆ చూపులోనే తేలింది. మరుసటి ఏడాది ఆయన నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. ఆయనకు అంత పేరు తెచ్చిన ఈ గిజిగాడి పరిశీలన కోసం ఏ అడవికీ పోలేదు, ఉన్నచోటనే కూర్చుని చూశాడు.

కాలం అయిపోయాక గాలికి పాత గూళ్ళు రాలిపడతాయి. గుడ్లూ పిల్లలూ ఉన్నవాటి జోలికి పోకుండా, రాలిన గూడు ఒకటి ఇంటికి తెచ్చుకోండి. రెండు రోజులు ఎండలో పెట్టి, మగ్గం పక్కన మేకుకు తగిలించండి. లోపల గోడలకు ఎండిన మట్టి అంటి ఉంటుంది, పిట్టే తెచ్చి అతికించింది. పడుగు లేదు, పేక లేదు, అచ్చు లేదు. అయినా ఒక్క పీలిక ఊడదు. గుంటలో కూర్చున్న నాయినకు ఆ గూటి గురించి ఏ టీచరు కన్నా ఎక్కువ తెలుసు. ఏ ముడి ఎక్కడ బిగిసిందో, ఏ పోగు ఏ పోగు కిందుగా పోయిందో చూపించగలడు. తన పనికీ ఆ పనికీ ఉన్న పోలిక పిల్లకు చెప్పేటప్పుడు ఆ గొంతులో వచ్చే ఉత్సాహం గమనించండి.

చూసినవి గుర్తుండాలంటే ఖర్చు లేని ఉపాయం ఉంది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌కు ఒక పెన్సిల్ దారంతో కట్టండి. చూసింది ఆ తేదీ గడిలో పిల్ల గీస్తుంది. చీమ అంటే మూడు చుక్కలు, కోయిల కూత అంటే ఒక గీత, ఏదైనా సరే. అదే క్యాలెండర్‌లో కార్తెలు కూడా ఉంటాయి. ఏడాదికి 27, ఒక్కొక్కటి రెండు వారాల లోపు. రైతుల ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ రోహిణి, మృగశిర అనే లెక్కతోనే వానను ఎదురుచూస్తారు. పిల్ల గీతలూ తాత కార్తెలూ ఒకే కాగితం మీద పడతాయి. తరువాతి ఏడాది పాత క్యాలెండర్ పారెయ్యకుండా పక్కన పెట్టుకుంటే, తంగేడు ఎప్పుడు పూసింది, గునుగు ఎప్పుడు తెల్లబడింది, బతుకమ్మకు పూలు ముందే వచ్చాయా ఆలస్యమైందా అని పిల్లే పోల్చి చెప్తుంది.

తొలకరి పడ్డాక తడి నేల మీద ఆరుద్ర పురుగు వస్తుంది. ఎర్రటి మఖమల్ ముక్కలా ఉంటుంది, ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుంటుంది. కాళ్ళు లెక్కపెట్టమనండి. ఆరు కాదు, ఎనిమిది. సాలీడు వంశానిది. అగ్గిపెట్టెలో దాచుకుంటామని పిల్లలు మారాం చేస్తారు. అరచేతిలో కాసేపు నడవనిచ్చి, తీసిన చోటే వదిలేయడం అలవాటు చేయండి. సరిగ్గా అవే రోజుల్లో మగ్గం గుంటల్లో నీరు ఊరి పని ఆగిపోతుంది. ఇంటికి అది నష్టం, కూలి పోయిన దిగులు పెద్దవాళ్ళ మొహాన ఉంటుంది. ఆ దిగులు పిల్లకు కూడా అంటుతుంది. నష్టం ఎట్లాగూ జరిగింది. ఆ పూట పిల్లతో వాకిట్లోకి రండి.

ఆదివారం చేయదగ్గ పని ఒకటి. తెల్ల నూలు రుమాలును సబ్బుతో ఉతికి గంజి పోగొట్టి, పటిక నీళ్ళలో గంటసేపు నాననివ్వండి. నాలుగు శనగలు అక్కడక్కడా పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో పిల్ల చేత బిగించి కట్టించండి. ఉల్లిపొట్టు గాని బంతిపూల రేకులు గాని అరగంట ఉడికించి, చల్లారిన నీళ్ళలో ఆ రుమాలు రాత్రంతా ఉంచండి. పొద్దున ముడులు విప్పే పని పిల్లదే. కట్టిన చోట తెలుపు, మిగతాదంతా పసుపు గోధుమ వన్నె. తల్లిదండ్రులు చేసే పని అసలు ఏమిటో పిల్లకు ఆ రుమాలుతో అర్థమవుతుంది. పొయ్యి దగ్గరి పని మాత్రం పెద్దవాళ్ళే చేయాలి.

జాగ్రత్తలు తక్కువ మాటల్లో, గట్టిగా చెప్తాను. అద్దకంలో వాడే కాస్టిక్ సోడా, హైడ్రోస్, రంగు పొడులు తాళం ఉన్న చోట ఉండాలి. వాటిని ఎన్నడూ నీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి. రంగు నీళ్ళ తొట్లమీద మూత ఉండాలి, చిన్నపిల్లలకు బకెట్టు నీళ్ళు కూడా ప్రమాదమే. ఆముదం గింజ, గురివింద గింజ, ఉమ్మెత్త కాయ, గన్నేరు ఏదీ నోట్లో పెట్టుకోరాదు. జిల్లేడు పాలు కంట్లో పడరాదు. పుట్టపాక ఊళ్ళో నేసే తేలియా రుమాళ్ళ నూలును ఆముదం కాయల బూడిదతో సిద్ధం చేస్తారు, ఆ చెట్టు మన ప్రాంతానికి బంధువే. అయినా గింజ విషమని పిల్లకు చెట్టు దగ్గరే చెప్పాలి. రాయి కింద, పుట్టలో, కట్టెల మోపులో చెయ్యి పెట్టొద్దు, ముందు కన్ను, తర్వాత పుల్ల, చివరికి చెయ్యి అని ఆటలా నేర్పండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కరిచిన కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవడమే. మూసీ నీళ్ళలో పిల్లలను దిగనివ్వకండి, అది హైదరాబాదు మురుగు మోసుకొచ్చే నీరు. నురగ ఎందుకొచ్చిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఫోన్ సంగతి. పని సాగాలంటే పిల్ల చేతిలో ఫోన్ పెట్టడం తప్పడం లేదని చాలామంది తల్లులు అంటారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన హద్దు మాత్రం తెలుసుకోండి. రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించొద్దు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో ఆరేడేళ్ళ పిల్లలతో ఒక పరిశోధన జరిగింది, 2015లో ఫలితాలు వచ్చాయి. సగం బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్ళకు వాళ్ళలో 30.4 శాతం మందికి దగ్గరిచూపు సమస్య వస్తే, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. చిటికి పని అంతా కంటిచూపు మీద నడిచేదే. కన్ను విలువ ఈ ఊరికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. రోజూ 40 నిమిషాలు పిల్లను ఎండ వెలుతురులో, నీడపట్టున ఆడుకోనివ్వండి.

చివరిగా నాయినలకు ఒక మాట. ఇప్పటిదాకా చెప్పిన పనులన్నీ చాలా ఇళ్ళలో అమ్మ మీదో అవ్వ మీదో పడతాయి. వంట, కండెలు, చిటికి, పిల్ల, ఇప్పుడు పురుగూ పిట్టా కూడా. అది న్యాయం కాదు. సాయంత్రం విరామం మీరు తీసుకోండి. కండె అయిపోగానే కొత్తది పెట్టబోయే ముందు గుంటలోంచి కాళ్ళు బయటికి తీయండి. "నాయినా, గిది సూడు" అని పిల్ల పిలుస్తూనే ఉంటుంది. పదేళ్ళు వచ్చాక బడీ ట్యూషనూ స్నేహితులూ ఉంటారు, అప్పుడు మీరు పిలిచినా రాకపోవచ్చు. ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.